పట్టుబడిన పొట్టివారు

సగటుకు ఇరువైపుల గంటవలె దిగు సామాన్య విభాజన వక్రమును డిమోయర్ 1733లో పందెపు లెక్కలనుండి రాబట్టెను. దానిని మనుష్యుల కొలతలకు పట్టి చూచినవాడు బెల్జియము ఖగోళజ్ఞుడు కెట్లే.

ఫ్రాన్సులో 157 సెంటీమీటర్లకన్న పొట్టివారికి సైనికసేవ తప్పెడిది. లక్షమంది ఎత్తుల పట్టికను కెట్లే 1846 నాటి తన గ్రంథమున పరీక్షించెను. హద్దునుండి సగటును తీసివేసి ప్రామాణిక విచలనముచే భాగించినచో, నేటి పరిభాషలో దాని ప్రామాణిక అంకము సుమారు −0.63. ఆ లెక్కను హద్దుకు దిగువ 26,345 మంది యుండవలెను. పట్టికలో 28,620 మంది యుండిరి! హద్దుకు కొంచెము పైనున్న వరుసలలో దాదాపు అంతమందియే తక్కువైరి. మోకాళ్లు వంచిరో, కొలిచినవారు కనికరించిరో గాని, 2,275 మంది మోసముచే తప్పించుకొనిరని కెట్లే తేల్చెను. వారెవరో మాత్రము వక్రము చెప్పజాలదు.