ఈవీఎం భద్రతా పరిశోధన (2010)

భారత ఎన్నికల్లో వాడే ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాన్ని (ఈవీఎం) విప్పి, అందులోని భద్రతా లోపాలను ప్రయోగపూర్వకంగా చూపిన పరిశోధన ఇది. హైదరాబాద్ ఇంజినీరు వేమూరి హరికృష్ణ ప్రసాద్, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నిపుణుడు రోప్ ఖోంగ్రైప్ దీనికి సారథులు.

నేపథ్యం

ఈవీఎంలను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్ తయారుచేస్తాయి. 2004 లోక్‌సభ ఎన్నికలు దేశమంతటా వీటితోనే జరిగాయి. ప్రోగ్రామును తయారీలోనే చిప్‌లో శాశ్వతంగా ముద్రిస్తారు. తర్వాత మార్చడం కుదరదు. యంత్రం సురక్షితమనడానికి ఎన్నికల సంఘం చూపే ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. 2010 ఫిబ్రవరిలో పేరు వెల్లడించని వ్యక్తి ఒకరు పరిశోధకులకు ఒక ఈవీఎంను అందజేశారు.

పద్ధతి, ఫలితాలు

పరిశోధకులు ప్రోగ్రాము జోలికి పోలేదు. ప్రధాన చిప్ ఏయే భాగాలను సరిచూసుకోకుండా నమ్ముతోందో వెతికారు. అలాంటివి రెండు దొరికాయి.

మొదటిది ఫలితాలు చూపే డిస్‌ప్లే బోర్డు. అచ్చం అలాంటి బోర్డునే తయారుచేసి, అంకెల కింద కనబడకుండా ఒక మైక్రోకంట్రోలర్, బ్లూటూత్ పరికరం అమర్చారు. ఏ అభ్యర్థి గెలవాలో మొబైల్ ఫోన్ నుంచి చెబితే, మొత్తం ఓట్ల లెక్క తప్పకుండానే తారుమారైన అంకెలను బోర్డు చూపింది. లోపల నమోదైన ఓట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

రెండోది ఓట్లు దాచే మెమరీ చిప్‌లు. అందులోని సమాచారానికి సంకేత రక్షణ లేదు. చిప్‌కు తగిలించే చిన్న క్లిప్పు పరికరంతో ఓట్లను ఒకరి ఖాతా నుంచి మరొకరి ఖాతాకు మార్చగలిగారు. ఓట్లు పడిన వరుసలోనే నమోదై ఉండటంతో ఎవరు ఎవరికి వేశారో ఆరా తీసే వీలూ కనిపించింది.

ఈ రెండు దాడులకూ యంత్రం చేతికి చిక్కి తీరాలి. సీళ్లు, స్ట్రాంగ్ రూంలు, పార్టీల ఏజెంట్ల కాపలా మధ్య అది సాధ్యం కాదని ఎన్నికల సంఘం వాదన.

అరెస్టు

యంత్రం ముంబయి కలెక్టర్ కార్యాలయం నుంచి చోరీ అయిందన్న కేసులో 2010 ఆగస్టు 21న పోలీసులు హరికృష్ణ ప్రసాద్‌ను హైదరాబాద్‌లోని ఇంట్లో అరెస్టు చేశారు. యంత్రం ఇచ్చినవారి పేరు ఆయన చెప్పలేదు. వారం తర్వాత బెయిలు వచ్చింది. ఆ ఏడాదే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయొనీర్ పురస్కారమిచ్చింది.

అనంతర పరిణామాలు

ఓటు ఎవరికి పడిందో 7 సెకన్లపాటు చీటీపై చూపే వీవీప్యాట్‌ను దశలవారీగా అమర్చాలని 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. కొత్త ఎం3 నమూనాలో, ఎవరైనా విప్పబోతే పనిచేయడం ఆగిపోయే ఏర్పాటు ఉందని ఎన్నికల సంఘం చెబుతోంది. ఓడిన అభ్యర్థుల్లో తొలి ఇద్దరు కోరితే 5 శాతం యంత్రాలను తయారీ సంస్థ ఇంజినీర్లు తనిఖీ చేయాలని 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ వెసులుబాటు కింద, ఆ ఏడాది ఎన్నికల్లో ప్రకాశం జిల్లా ఒంగోలులో ఓడిన వైసీపీ అభ్యర్థి బాలినేని శ్రీనివాసరెడ్డి 12 పోలింగ్ కేంద్రాల యంత్రాల తనిఖీ కోరారు. అధికారులు మాక్ పోలింగ్‌కు సిద్ధం కాగా, వీవీప్యాట్ చీటీలతో సరిపోల్చాలని ఆయన హైకోర్టుకెళ్లారు. మాక్ పోలింగ్‌లో తేలేది నొక్కిన మీటకు యంత్రం సరిగ్గా స్పందిస్తోందా అన్నది మాత్రమే. 2010లో దొరికిన తరహా లోపాలు బయటపడాలంటే మూత తెరిచి లోపలి భాగాలను పరీక్షించాలి.