బొడ్డు చుట్టూ సూదులు, పిల్లల చూపు

శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ. 1999లో మొదలైన ఈ బయోటెక్ వాడను ఎగుమతుల లెక్కల్లోనే చూడటం మనకు అలవాటు. పిల్లల కంటి చరిత్రలోనూ దీనికి చోటుందని నా వాదన. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేయించుకున్న కాలం పెద్దవాళ్లకు గుర్తే. ఆ మందును 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించాడు. రేబిస్ సోకించిన గొర్రె మెదడును నూరి, ఫినాల్‌తో వైరస్‌ను చంపి చేసేవారు. మన నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లోనూ తయారయ్యేది. చిక్కంతా ఆ మెదడుతోనే. నరాలకు తొడుగులా ఉండే మైలిన్ గొర్రెకూ మనిషికీ చాలావరకు ఒకటే. సూదిలో వచ్చిన మైలిన్ మీద తిరగబడ్డ రోగనిరోధక శక్తి కొందరిలో సొంత నరాల మీదా పడేది. కాళ్లు చచ్చుబడేవి, మెదడు వాచేది, కొందరికి రెండు కళ్ల దృష్టి నరాలూ వాచి చూపు పోయేది. 1950లలో చిలీలో మైలిన్ ఇంకా ఏర్పడని ఎలుక కూనల మెదడుతో టీకా చేస్తే ఈ ముప్పు తగ్గింది. దోషి మైలినే అన్నదానికి అది బలం చేకూర్చింది.

రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచినవాళ్లలో 40 శాతం 15 ఏళ్ల లోపువాళ్లే. చూపు మందగించిందని చిన్నపిల్లలు చెప్పలేరు. వాపు నరం వెనక భాగంలో ఉంటే కంటి లోపల చూసినా ఏమీ కనబడదు. టార్చిలైటును ఒక కంటి నుంచి మరో కంటికి మార్చి కంటిపాపను గమనించే పరీక్ష కూడా, రెండు కళ్లూ సమానంగా దెబ్బతింటే తేడా చూపదు. ఈమధ్య కుక్క కరిచిందా అన్న ప్రశ్నే అప్పుడు వైద్యుడికి దారి. తెలిశాక మరింత సంకటం: స్టెరాయిడ్ ఇస్తే వాపు తగ్గుతుంది, కానీ రేబిస్‌ను ఎదిరించాల్సిన శక్తీ తగ్గుతుంది. సూదులు ఆపితే ప్రాణభయం, కొనసాగిస్తే నరాలకు ముప్పు.

రేబిస్ వస్తే చావు ఖాయం కనుక ఆ ముప్పు భరించక తప్పలేదనేవారున్నారు. 1970ల దాకా ఆ మాట సబబే. తర్వాత కణాల్లో పెంచిన టీకాలు వచ్చాయి; 1984 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ పాతవి మానమని చెబుతూనే ఉంది. మన దేశంలో వాటి తయారీ ఆగింది 2004 డిసెంబరులో. ఆ ఇరవై ఏళ్లూ అడ్డుపడింది ముఖ్యంగా ధర. పేదవాడికి దొరికింది సర్కారు ఆస్పత్రిలోని గొర్రె మెదడు మందే. అందుకే వెరో అనే కణాల్లో పెంచిన టీకాలు ఇక్కడే తయారవడం నాకు పెద్ద విషయంగా తోస్తుంది: హైదరాబాద్ సంస్థ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అభయ్‌రాబ్, తుర్కపల్లి భారత్ బయోటెక్ ఇండిరాబ్.

దృష్టి నరం వాపు పిల్లల్లో ఇంకా ఉంది కదా అనవచ్చు. నిజమే, వైరస్ జ్వరాల వెనక ఇప్పటికీ వస్తోంది. దానికి సిరలోకి స్టెరాయిడ్ ఎక్కిస్తున్నారు. ఆ పద్ధతికి ప్రధాన ఆధారం 1988 నుంచి 1991 దాకా అమెరికాలో 457 మందిని చేర్చుకున్న పరిశోధన. వాళ్లలో 18 ఏళ్ల లోపువాళ్లు ఒక్కరూ లేరు.