గల్ఫ్ నుంచి సామాను: ఎయిర్ కార్గోనా, సీ కార్గోనా? పంపే ముందు ఈ మూడు లెక్కలు చూసుకోండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌తో సంబంధం లేని ఊరు దొరకడం కష్టం. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు దుబాయ్‌లోనో దోహాలోనో ఉంటే ‘కార్గో వేశాను’ అన్న మాట మీకు కొత్త కాదు. కార్గో ఆఫీసులో అందరూ ముందుగా అడిగేది కిలోకు ఎంత అనే. కానీ చివరికి మీ జేబు నుంచి పోయేది ఆ రేటు ఒక్కటే కాదు. పెట్టె సైజు, మీరు ఊరికి వచ్చే తేదీ, కస్టమ్స్ సుంకం కూడా కలిపి చూడాలి. ఇవి వదిలేస్తే చవక అనుకున్నదే ఎక్కువ ఖర్చవుతుంది.

ఏది ఏ దారిలో వస్తుంది?

ఎయిర్ కార్గో సాధారణంగా శంషాబాద్ విమానాశ్రయంలో దిగుతుంది. అక్కడ కస్టమ్స్ పూర్తయ్యాక కరీంనగర్, కొండగట్టు మీదుగా జగిత్యాల, కోరుట్ల చేరుతుంది. అంతా సవ్యంగా ఉంటే వారం, పది రోజుల పని.

సీ కార్గో దారి వేరు. తెలంగాణకు సముద్ర తీరం లేదు. దుబాయ్‌లోని జెబెల్ అలీ వంటి ఓడరేవులో బయలుదేరిన సామాను ముంబై పక్కన ఉన్న నవా షేవాలోనో, గుజరాత్‌లోని ముంద్రాలోనో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీద రావాలి. ఓడ ప్రయాణం కొద్ది రోజులే. ఆలస్యమంతా దానికి ముందూ వెనకా ఉంటుంది. అందరి పెట్టెలతో కంటైనర్ నిండాలి, ఇక్కడ కస్టమ్స్ దాటాలి, లారీ దొరకాలి. అందుకే ఇంటికి చేరేసరికి మూడు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

మొదటి లెక్క: బరువా, సైజా?

విమానంలో అసలు బరువు, సైజు బరువుల్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు కట్టాలి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే సైజు బరువు వస్తుంది. కొరియర్ కంపెనీలు 5000తో భాగిస్తాయి.

ఉదాహరణకు 60, 50, 50 సెంటీమీటర్ల పెట్టెలో దుప్పట్లు పెట్టారు. తూకం 15 కిలోలే. కానీ లెక్కలో అది 25 కిలోలు. కొరియర్‌లో అయితే 30 కిలోలు. అదే పెట్టెలో ఖర్జూరాలు, సబ్బులు నింపి 35 కిలోలు చేస్తే 35 కిలోలకే కడతారు.

ఓడలో లెక్క ఎక్కువగా ఘనపు మీటర్లలో ఉంటుంది. పైన చెప్పిన పెట్టె 0.15 ఘనపు మీటర్లు. అలాంటివి ఆరేడు కలిస్తే ఒక ఘనపు మీటరు. కాబట్టి దుప్పట్లు, ఫర్నిచర్ లాంటి చోటు ఎక్కువ తినే సామానుకు ఓడ మేలు. చిన్నగా, విలువగా, అవసరంగా ఉన్నవాటికి విమానం మేలు.

రెండో లెక్క: మీరు వచ్చే తేదీ

మీతో కాకుండా విడిగా వచ్చే సామానుకు గడువులున్నాయి. 2016 బ్యాగేజ్ నిబంధనల ప్రకారం అది మీకంటే రెండు నెలలు ముందుగా ఇక్కడ దిగే వీలుండేది. లేదా మీరు వచ్చిన నెలలోపు అక్కడ బయలుదేరాల్సి ఉండేది.

నెల రోజుల సెలవు మీద వచ్చేవారు ఇక్కడే దెబ్బతింటారు. ఫ్లైట్ ఎక్కే రోజున సీ కార్గో వేస్తే, మీరు తిరిగి వెళ్లిపోయాక పెట్టె ముంబైలో దిగవచ్చు. పాస్‌పోర్టు చూపాల్సిన మనిషి అప్పటికి దేశంలో ఉండడు. పెట్టె గోదాంలో ఉన్నన్ని రోజులూ అద్దె పెరుగుతూనే ఉంటుంది.

మూడో లెక్క: కస్టమ్స్

అదే 2016 నిబంధనల్లో, ప్రయాణికులకు ఉండే సుంకం లేని పరిమితి వెంట తెచ్చుకునే సామానుకే వర్తించేది. విడిగా వచ్చే దాంట్లో మీరు వాడిన సొంత వస్తువులకే మినహాయింపు ఉండేది. కొత్త వస్తువులకు 2018 నుంచి సర్‌ఛార్జితో కలిపి 38.5 శాతం సుంకం లెక్క నడిచింది. ఫ్లాట్ టీవీకి ఉచిత పరిమితిని 2013 ఆగస్టులోనే తీసేశారు.

‘గిఫ్ట్ అని రాస్తే సరిపోతుంది’ అన్న మాట నమ్మకండి. సుంకం లేని గిఫ్ట్ పార్సిళ్లను 2019 డిసెంబరులో నిలిపివేశారు. రాఖీలు, ప్రాణరక్షక మందులకే మినహాయింపు ఇచ్చారు.

పూర్తిగా తిరిగి వచ్చేసేవారికి వెసులుబాటు ఉంది. 2016 నిబంధనల్లో రెండేళ్లు, అంతకు మించి విదేశంలో ఉన్నవారికి షరతులతో 5 లక్షల రూపాయల వరకు ఇంటి సామానుకు మినహాయింపు ఇచ్చారు. ఈ పరిమితులు, రేట్లు మారుతుంటాయి. పంపే ముందు కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు వెబ్‌సైట్‌లో తాజావి చూడండి.

మరి ఎవరికి ఏది?

• సెలవు మీద వస్తున్నారా? వెంట తెచ్చుకునే లగేజీకే మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. మిగిలింది ఎయిర్ కార్గో.
• పూర్తిగా వచ్చేస్తున్నారా? వాడిన ఇంటి సామాను సీ కార్గోలో వేయండి, మీరు ఇంటి దగ్గర ఉండే రోజుల్లో దిగేలా చూసుకోండి.
• కొత్త టీవీ పంపాలనుకుంటున్నారా? రవాణా, సుంకం కలిపి జగిత్యాల షాపు ధరతో పోల్చండి. చాలాసార్లు ఇక్కడ కొనడమే లాభం.
• బంగారం, నగదు ఏ కార్గోలోనూ పెట్టకండి.

ఈ కాగితాలు చేతిలో ఉండాలి

విమానానికి ఎయిర్‌వే బిల్లు, ఓడకు బిల్ ఆఫ్ లేడింగ్ నంబరు తీసుకోండి. విమానయాన సంస్థ ఎయిర్‌వే బిల్లు నంబరులో 11 అంకెలుంటాయి. ఏజెంటు సొంత రసీదు నంబరు దానికి బదులు కాదు. పెట్టెలోని వస్తువుల జాబితా, పాస్‌పోర్టు, వీసా, టికెట్ కాపీలు దగ్గర పెట్టుకోండి. ‘ఇంటి వరకు’ అన్న రేటులో కస్టమ్స్ సుంకం, గోదాం అద్దె ఉన్నాయో లేదో రాయించుకోండి. వేరొకరి సామానుకు మీ పాస్‌పోర్టు కాపీ ఇవ్వకండి. అందులో ఏది దొరికినా ముందు అడిగేది మిమ్మల్నే.

ఇక్కడి నుంచి పంపేటప్పుడు కూడా జాగ్రత్త. మన వంటింట్లో మామూలుగా ఉండే గసగసాలు యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో నిషిద్ధం. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు అనుమతి లేకుండా దొరికినా జైలే. ఊరివాళ్లు ఇచ్చిన పొట్లమైనా సరే, విప్పి చూశాకే పెట్టెలో పెట్టండి.