ఇంటిపేరు నుంచి ఉమ్మడి సంస్థ దాకా: పెనాంగ్ 'ఖూ కోంగ్సి' సామాజిక కార్యకలాపాలు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

19వ శతాబ్దంలో మలయా ద్వీపకల్పానికి వలస వెళ్లిన దక్షిణ చైనా ప్రజలు ఇంటిపేరు ప్రాతిపదికగా వంశసంఘాలను నిర్మించుకున్నారు. వాటిలో పెనాంగ్‌లోని ఖూ వంశీయుల సంఘం ప్రసిద్ధమైనది. పూర్వికుల ఆరాధన, ఉమ్మడి నిధి, రక్షణ, విద్య, ఆస్తి నిర్వహణ అనే అంశాల ఆధారంగా ఈ సంఘం కార్యకలాపాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పూర్వికుల పూజ కేవలం కుటుంబాల సొంత వ్యవహారం కాదని, వలస సమాజంలో అది పరస్పర సహాయానికి పునాదిగా నిలిచిందని, ఆ సహాయానికి గల పరిధులను నిర్ణయించింది కూడా అదేనని నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: వంశసంఘం, కోంగ్సి, పెనాంగ్, హొక్కియెన్ వలస, పూర్వికుల ఆరాధన, ఉమ్మడి ఆస్తి.

1. ప్రవేశిక

తెలుగువారి ఇంటిపేరు చాలా సందర్భాలలో ఒక ఊరిని గుర్తుచేస్తుంది. గోత్రం వివాహ సంబంధాలకు హద్దు గీస్తుంది. సంప్రదాయ చైనా సమాజంలో ఇంటిపేరు ఈ రెండు పనులనూ ఒక మేరకు నిర్వహించింది. ఒకే ఇంటిపేరు గలవారు పరస్పరం వివాహం చేసుకోరాదన్న నియమం అక్కడ దీర్ఘకాలం అమలులో ఉంది. ఫుజియన్, గువాంగ్‌డోంగ్ రాష్ట్రాలలో ఊరంతా ఒకే ఇంటిపేరుతో ఉండడం సర్వసాధారణం. ఆ ఊళ్లలో వంశానికి ఉమ్మడి భూములు, పూర్వికుల మందిరం, వంశవృక్ష గ్రంథం ఉండేవి. ఈ వ్యవస్థను మారిస్ ఫ్రీడ్‌మన్ 1958లో వెలువడిన తన గ్రంథంలో విపులంగా చర్చించారు.

సముద్రం దాటిన తరువాత ఈ వ్యవస్థ ఏమైంది? భూమి వెంట రాదు. వంశవృద్ధులు ఊళ్లోనే ఉండిపోయారు. తొలినాళ్లలో వలస వచ్చినవారిలో అత్యధికులు ఒంటరి పురుషులు. వెంట వచ్చింది ఇంటిపేరు, కులదైవం, పూర్వికుల స్మృతి మాత్రమే. వీటితోనే ఒక సంస్థ ఎలా రూపొందిందన్నది ఇక్కడ ప్రధానమైన ప్రశ్న.

2. సంఘ స్థాపన: దైవం పేర నిధి

1786లో ఫ్రాన్సిస్ లైట్ పెనాంగ్ దీవిని ఈస్టిండియా కంపెనీ పేర స్వాధీనం చేసుకున్న తరువాత జార్జ్ టౌన్ వేగంగా ఎదిగింది. అక్కడికి వచ్చిన చైనా వర్తకులలో హొక్కియెన్ భాషీయులు ప్రముఖులు. వారిలో ఖూ, చియా, యో, లిమ్, తాన్ అనే ఇంటిపేర్ల వారిని 'ఐదు పెద్ద వంశాలు'గా చరిత్రకారులు వ్యవహరిస్తారు. ఫుజియన్ తీరంలో ఇరుగుపొరుగు పల్లెల నుంచి వచ్చిన వీరికి వియ్యపు సంబంధాలు, వ్యాపార భాగస్వామ్యాలు రెండూ ఉండేవి.

ఖూ వంశీయుల స్వస్థలం నేటి షియామెన్ నగర పరిధిలోని షిన్‌ఆన్ గ్రామం. 1835లో ఈ వంశానికి చెందిన 102 మంది ఒకచోట చేరి 528 డాలర్ల నిధిని సమకూర్చుకున్నారని సంఘ చరిత్ర చెబుతుంది. కులదైవమైన 'తువా సై యా' ఉత్సవమే ఆ కలయికకు సందర్భం. ఈ నిధినుంచి ఎదిగిన సంస్థే 'లియోంగ్ సాన్ తోంగ్'. ప్రజల వాడుకలో అది ఖూ కోంగ్సి.

'కోంగ్సి' అనే మాట గమనించదగినది. వలస సమాజంలో గనుల భాగస్వామ్యాన్నీ, రహస్య సోదర సంఘాన్నీ, వంశసంఘాన్నీ కూడా ఈ మాటతోనే పిలిచేవారు. నేటి చైనా భాషలో దీనికి వాణిజ్య సంస్థ అని అర్థం. ఉమ్మడిగా పెట్టిన సొమ్మును ఉమ్మడిగా నిర్వహించడం ఈ అర్థాలన్నిటిలోనూ సామాన్యాంశం. అంటే ఖూ వంశీయులు తమ బంధుత్వానికి ఎంచుకున్న పేరులోనే నిర్వహణ, జమాఖర్చు ఇమిడి ఉన్నాయి. ఊళ్లో బంధుత్వం పుట్టుకతో సంక్రమించేది. పెనాంగ్‌లో దానికి చందా కూడా తోడైంది.

3. పూజ, పరస్పర సహాయం

సంఘ భవనంలో మూడు ఆరాధనా స్థానాలు ఉన్నాయి. మధ్యలో కులదైవాలు, ఒక పక్క సంపదను ప్రసాదించే 'తువా పెహ్ కోంగ్', మరొక పక్క పూర్వికుల నామఫలకాలు కొలువుదీరాయి. వసంతకాలంలో సమాధులను శుభ్రపరచి పూజించే 'చెంగ్ బెంగ్', శీతకాలపు అయనాంతం నాటి పూర్వికుల పూజ సంవత్సరంలో ముఖ్యమైన సందర్భాలు. తెలుగువారి మహాలయ పక్షంలో వలె ఇక్కడ కూడా గతించినవారిని తలచుకోవడం బతికివున్నవారి విధి. అయితే ఒక భేదం ఉంది. మహాలయ తర్పణం ప్రధానంగా ఒక్కొక్క కుటుంబం నిర్వర్తించేది. కోంగ్సి పూజ వంశమంతా ఒకచోట చేరి చేసేది.

ఈ కూడికకు లౌకిక ప్రయోజనం ఉంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు జబ్బుపడ్డారు, ఎవరు కొత్తగా ఓడ దిగారు అనే సంగతులు అక్కడే తెలిసేవి. కొత్తవారికి బస, పని చూపడం, వంశీయుల మధ్య తగాదాలు తీర్చడం, పేదవారికి అంత్యక్రియలు జరిపించడం ఈ తరహా వంశసంఘాల ప్రధాన కార్యాలని యెన్ చింగ్-హ్వాంగ్ మొదలైన చరిత్రకారులు వివరించారు. వీటిలో అంత్యక్రియల ప్రాముఖ్యం వలస జీవితం ఎరుగని వారికి వెంటనే బోధపడదు. కొడుకు దగ్గర లేకుండా పరాయి గడ్డపై మరణించినవాడికి పిండం పెట్టేవారెవరన్నది నాటి వలసకూలీకి నిజమైన భయం. సంఘం ఆ భయానికి సమాధానం చెప్పింది. రక్తసంబంధంలో కొడుకు చేయవలసిన పనిని ఇంటిపేరు గల సంస్థ చేసింది.

4. సహాయానికి హద్దులు

ఈ ఆదరణకు పరిధి ఉంది. ఇంటిపేరు ఖూ అయినంత మాత్రాన సభ్యత్వం లభించదు. షిన్‌ఆన్ మూలపురుషుని సంతతి కావాలి. వేరే ప్రాంతం నుంచి వచ్చిన ఖూలకు ఈ సంఘంలో చోటు లేదు. పితృవంశ నియమం ప్రకారం కుమార్తె పెళ్లితో భర్త వంశానికి చెందుతుంది. పూర్వికుల స్మృతిలో స్త్రీకి దక్కే స్థానం ప్రధానంగా భార్యగా, తల్లిగా మాత్రమే.

అన్ని వంశసంఘాలూ ఇంత బిగువుగా లేవు. శాన్ ఫ్రాన్సిస్కోలో 19వ శతాబ్దపు చివరి భాగంలో వెలిసిన 'లుంగ్ కోంగ్' సంఘం లియు, గువాన్, జాంగ్, జావో అనే నాలుగు ఇంటిపేర్ల వారిని కలిపింది. మూడు రాజ్యాల కాలపు వీరులు ఒకరికొకరు బాసటగా నిలిచిన వృత్తాంతమే ఆ కలయికకు ఆధారం. ఏ ఒక్క ఇంటిపేరువారూ తగినంత సంఖ్యలో లేనిచోట కథ రక్తసంబంధానికి బదులుగా నిలిచింది. పెనాంగ్‌లో ఖూ వంశీయులు సంఖ్యలోనూ సంపదలోనూ బలవంతులు. హద్దును వెడల్పు చేసే అవసరం వారికి కలగలేదు. వంశసంఘం సరిహద్దును రక్తంతో పాటు స్థానిక అవసరం కూడా నిర్ణయించిందని ఈ పోలిక వల్ల తెలుస్తుంది.

5. రక్షణ, ఘర్షణ: 1867 అల్లర్లు

బలం ఉన్నచోట ఘర్షణ కూడా ఉంది. ఖూ కోంగ్సి చుట్టూ వరుస ఇళ్లు కోటగోడలా నిర్మితమై ఉన్నాయి. లోపలికి ఇరుకైన దారులు మాత్రమే ఉన్నాయి. ఈ నిర్మాణానికి కారణం 19వ శతాబ్దపు పెనాంగ్ రాజకీయాలలో కనిపిస్తుంది.

1867 ఆగస్టులో జార్జ్ టౌన్ వీధులలో పెద్ద ఎత్తున అల్లర్లు చెలరేగాయి. ఒక పక్షాన 'గీ హిన్' అనే రహస్య సంఘం, మరొక పక్షాన 'కియెన్ తెక్' లేదా 'తువా పెహ్ కోంగ్' సంఘం నిలిచాయి. మలయ్, భారతీయ ముస్లింల తెల్లజెండా, ఎర్రజెండా సంఘాలు వరుసగా ఈ రెండు పక్షాలతో చేతులు కలిపాయి. అందువల్ల ఈ కలహాన్ని కేవలం చైనీయుల అంతఃకలహంగా భావించడం సరికాదు. తువా పెహ్ కోంగ్ సంఘ నాయకుడు ఖూ థియెన్ తెక్, ఖూ కోంగ్సిలోనూ ప్రముఖుడు. ఆయనకు విధించిన మరణశిక్షను తరువాత కారాగార శిక్షగా తగ్గించారు. విడుదలయ్యాక ఆయన తిరిగి ప్రముఖ వ్యాపారిగా కొనసాగారు.

అంత్యక్రియలకు సాయపడిన వంశబంధమే వీధిపోరాటానికి మనుషులను సమీకరించగలిగింది. నల్లమందు గుత్తలు, తగరపు గనులు, కూలీల సరఫరా వంటి లాభసాటి వ్యాపారాలపై పట్టు కోసం జరిగిన పోటీలో వంశం ఒక సైన్యంగా కూడా పనిచేసింది. సంఘం సేవాకార్యాలను మాత్రమే చెప్పి ఈ అంశాన్ని విడిచిపెడితే చరిత్ర అసంపూర్ణమవుతుంది. 1890లో రహస్య సంఘాల నిషేధం అమలులోకి వచ్చింది. వంశసంఘాలు మాత్రం నిలిచాయి. ఆపై వాటి ప్రతిష్ఠ ఆరాధన, దానధర్మాలు, విద్య మీద మరింతగా ఆధారపడింది.

6. న్యాయస్థానం దృష్టిలో పూర్వికుల పూజ

పెనాంగ్‌కు చెందిన ఒక చైనా మహిళ వీలునామాపై 1875లో ప్రివీ కౌన్సిల్ వెలువరించిన తీర్పు ఈ సందర్భంలో ముఖ్యమైనది. తనకూ తన భర్తకూ మరణానంతర పూజలు శాశ్వతంగా జరిగేందుకు ఆమె ఆస్తిని కేటాయించింది. అటువంటి పూజ వల్ల ప్రజలకు ప్రయోజనం లేదని, అది కుటుంబానికి మాత్రమే సంబంధించినదని భావించిన న్యాయమూర్తులు ఆ కేటాయింపు చెల్లదన్నారు. ఆంగ్ల న్యాయం ప్రకారం ప్రజాహిత ధర్మానికి తప్ప శాశ్వతంగా ఆస్తిని కట్టివేయడానికి వీలులేదు.

ఆ తీర్పు ఒక వ్యక్తి వీలునామాకు సంబంధించినది. వంశసంఘాన్ని గురించినది కాదు. అయినా అది లేవనెత్తిన ప్రశ్న వంశసంఘాలకూ వర్తిస్తుంది. గతించినవారి పేర చేసే వ్యయం బతికివున్నవారికి ఉపయోగపడుతుందా? ఖూ కోంగ్సి చరిత్ర ఇచ్చే జవాబు న్యాయస్థానం జవాబుకు భిన్నంగా ఉంది. దైవోత్సవం నాడు పోగైన 528 డాలర్లే కాలక్రమంలో భవనాలుగా, అద్దెలుగా, చదువులకు ఆసరాగా పరిణమించాయి. పూజ నెపంగా సమకూరిన సొమ్ము సమాజానికి మూలధనమైంది. పూజను ఆంగ్ల న్యాయం చేసినట్లు సొంత వ్యవహారంగా వేరుచేస్తే ఈ పరిణామం అర్థం కాదు.

7. విద్య, గౌరవం, ఆస్తి

1894లో ప్రారంభమైన భారీ సంఘ మందిరం 20వ శతాబ్దపు ఆరంభంలో, పూర్తయిన కొద్దికాలానికే అగ్నికి ఆహుతైంది. చక్రవర్తి ప్రాసాదాన్ని మించిన వైభవం దైవానికి నచ్చలేదని స్థానికులు చెప్పుకొన్నారు. 1906 నాటికి కొంత తక్కువ పరిమాణంలో మందిరాన్ని పునర్నిర్మించారు. నేడు సందర్శకులు చూస్తున్నది ఆ కట్టడాన్నే. ముంగిట నిలిచిన సిక్కు కావలివారి శిలా ప్రతిమలు నాటి వలసనగరపు స్వరూపాన్ని తెలియజేస్తాయి.

ఇదే కాలంలో చైనాలో రాజోద్యోగ పరీక్షలు 1905లో రద్దయ్యాయి. పెనాంగ్ వంశసంఘాలు ఆధునిక పాఠశాలల వైపు మొగ్గాయి. ఖూ కోంగ్సి కూడా తన పిల్లల కోసం ఆ దశకంలోనే పాఠశాలను నెలకొల్పింది. మందిరంలోని ఫలకాలు ఈ మార్పును చూపుతాయి. కొన్నిటిపై చింగ్ రాజవంశం కాలపు బిరుదులు ఉన్నాయి. మరికొన్నిటిపై విశ్వవిద్యాలయ పట్టాలు పొందిన వంశీయుల పేర్లు ఉన్నాయి. పూర్వికులకు నివేదించదగిన విజయం ఏదన్న విషయంలో కాలం తెచ్చిన మార్పు ఇది. నివేదించే స్థలం మాత్రం మారలేదు.

ఈ కార్యాలన్నిటికీ ఆధారం స్థిరాస్తి. 19వ శతాబ్దపు మధ్యకాలం నుంచి సంఘం సేకరించిన స్థలాలు, ఇళ్లు అద్దెల రూపంలో ఆదాయాన్ని ఇచ్చాయి. అద్దె నియంత్రణ చట్టం రద్దు 2000 సంవత్సరం నుంచి పూర్తిగా అమలు కావడంతో జార్జ్ టౌన్ పాత వీధులలో అద్దెలు పెరిగి, తరాలుగా నివసిస్తున్న అనేక కుటుంబాలు ఖాళీ చేశాయి. 2008లో ఆ నగరం మలక్కాతో కలిసి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. ఒకనాడు కొత్తగా వచ్చినవారికి నీడనిచ్చిన వంశసంఘాలే నేడు వారసత్వ కట్టడాల యజమానులు. కట్టడాన్ని కాపాడటం, అందులో నివసించేవారిని కాపాడటం అన్ని వేళలా ఒకటి కాదన్నది ఈ దశ ముందుకు తెచ్చిన సమస్య.

8. తెలుగు వలసతో పోలిక

మలయాకు వెళ్లిన తెలుగువారి అనుభవం ఈ చరిత్రకు మరొక పార్శ్వాన్ని చూపుతుంది. జార్జ్ టౌన్‌లోని 'కపితాన్ క్లింగ్' మసీదు పేరులోని 'క్లింగ్' అనే మాట కళింగ శబ్దం నుంచి వచ్చిందని భాషావేత్తల అభిప్రాయం. భారతీయులందరికీ వర్తించిన ఆ మాటలో తూర్పు తీరపు పాత సంబంధాలు దాగి ఉన్నాయి. 19వ శతాబ్దపు చివరినుంచి తెలుగువారు ప్రధానంగా తోటల కూలీలుగా అక్కడికి వెళ్లారు. వారిని ఒకచోట చేర్చినవి తోట యాజమాన్యం, రామాలయం, భాష. వారికీ ఇంటిపేర్లు ఉన్నాయి. కానీ ఒకే ఇంటిపేరు గలవారు ఆస్తిని కూడబెట్టగల స్థాయిలో ఒక నగరంలో చేరలేదు. తోటకూలీకి తాను నివసించే ఇల్లు కూడా సొంతం కాదు. 1955లో ఏర్పడిన మలయా ఆంధ్ర సంఘం ఇంటిపేరుకు బదులు భాషను ప్రాతిపదికగా చేసుకుంది. కాబట్టి ఇంటిపేరు ఉన్నంత మాత్రాన వంశసంఘం పుట్టదు. దానికి నగరం, వ్యాపారం, ఉమ్మడి ఆస్తి తోడుకావాలి.

9. ముగింపు

ఖూ కోంగ్సిని చైనా సంప్రదాయానికి అవశేషంగా గానీ, బలవంతుల కూటమిగా గానీ మాత్రమే చూడటం సరికాదు. పూర్వికుల పూజ దానికి నిధినిచ్చింది, సభ్యులను ఏటా ఒకచోట చేర్చింది, ఆస్తిని వ్యక్తుల చేతికి పోనీయకుండా తరాలపాటు నిలిపింది. అదే పూజ ఎవరు మనవారో, ఎవరు కారో కూడా నిర్ణయించింది. ఆదరణ, వెలి ఈ సంస్థలో ఒకే నియమం నుంచి పుట్టాయి. వలస సమాజాల సంఘాలను అధ్యయనం చేసేవారు అవి చేసిన దానధర్మాలతో పాటు వాటి సభ్యత్వ నియమాలను, ఆస్తిపత్రాలను కూడా పరిశీలించినప్పుడే వాటి సామాజిక స్వరూపం సమగ్రంగా అవగతమవుతుంది.