మంచు సముద్రంలో సరుకు ఓడలు

1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేశాక, ఆ దేశానికి బ్రిటన్ నుంచి ట్యాంకులు, విమానాలు పంపడానికి దగ్గరి దారి ఆర్కిటిక్ సముద్రమే. మొదటి ఓడల గుంపు 'డెర్విష్' ఆగస్టు 31న అర్ఖాంగెల్స్క్ చేరింది. చుట్టూ యుద్ధనౌకల కాపలా ఉన్నా చలి ముందు ఆ కాపలా పనికొచ్చేది కాదు. ఎగిసిపడ్డ తుంపర డెక్ మీదే గడ్డకట్టేది. ఆ బరువుకు ఓడ తలకిందులు కాకుండా నావికులు గొడ్డళ్లతో మంచు కొట్టి పారేసేవారు.

అందరికీ గుర్తుండిపోయింది మాత్రం పీక్యూ-17 అనే ఓడల గుంపు. 1942 జూలై 4న, జర్మన్ యుద్ధనౌక తిర్పిట్జ్ వచ్చిపడుతుందన్న భయంతో అడ్మిరల్ డడ్లీ పౌండ్ లండన్ నుంచే ఓడలను చెదిరిపొమ్మన్నాడు. తిర్పిట్జ్ అప్పటికి దాడికి బయలుదేరనే లేదు. కాపలా కరువైన ఓడలు విమానాలకు, జలాంతర్గాములకు ఒక్కొక్కటిగా చిక్కాయి. 35 సరుకు ఓడల్లో 24 మునిగాయి. 'ఎయిర్‌షైర్' అనే చిన్న కాపలా ఓడ మాత్రం తెలివిగా మూడు సరుకు ఓడలను మంచుగడ్డల మధ్యకు నడిపింది. అక్కడ వాటికి తెల్లరంగు పూసి, డెక్‌ల మీద తెల్లగుడ్డలు కప్పారు. ఆ మూడూ రేవు చేరాయి.

సెప్టెంబరులో పీక్యూ-18కు విమానవాహక నౌక 'అవెంజర్' తోడుగా వెళ్లింది. ఈ యాత్రలు 1945 మే వరకు సాగాయి.