పసుపు పెట్టెకి అందని చేతులు

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాని వి.వి.గిరి ఓడించిన కథని మన ఉత్తరాంధ్రలో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. రామకృష్ణ రంగారావు మామూలు జమీందారు కాదు. జస్టిస్ పార్టీ నాయకుడు, అప్పటి మద్రాసు రాష్ట్ర ప్రధాని. అలాంటివాడిని కాదని సొంత జమీ రైతులే కాంగ్రెస్ వారి పసుపు పెట్టెలో ఓట్లు వేశారు. దీన్ని ప్రజాతీర్పు అనడం అలవాటు. ఆ ప్రజలెవరు?

1919 చట్టం పల్లెల్లో ఓటుని భూమికి ముడివేసింది. శిస్తు కట్టే రైతుకి ఓటుంది, అతని పొలంలో పనిచేసే కంబారికి లేదు. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకి ఓటిచ్చింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అదే మొదలు. మనం గొప్పగా రాసుకునే ఘట్టం. కానీ షరతు మగవాళ్ల షరతే, ఆస్తి ఉండాలి. ఆడవాళ్ల పేరున ఆస్తి ఎంతుండేదో ఒకరు చెప్పాలా? 1935 చట్టం కొందరు ఆస్తిపరుల భార్యలకీ, చదువొచ్చిన స్త్రీలకీ కూడా చోటిచ్చింది. భూమిలేని, అక్షరం రాని, కూలివాడిని కట్టుకున్న స్త్రీకి మూడు తలుపులూ మూసే ఉన్నాయి. రాజాని ఓడించిన రైతుల మడుల్లో ఉభాలు చేసింది ఆమే.

ఈ వడపోత నేర్పినవాళ్లు ఇంట్లోనూ అదే చేశారు. బ్రిటన్‌లో పల్లెటూరి వ్యవసాయ కూలీలకి ఓటు దక్కింది 1884 చట్టంతో. స్త్రీలనూ చేర్చమని వుడాల్ సవరణ తెస్తే, ఈ ఓడ మోయగలిగినంత బరువు ఇప్పటికే ఎక్కించామని గ్లాడ్‌స్టన్ అడ్డం తిరిగాడు. అక్కడ కూలివాడు ఎక్కాడు, కూలిమనిషి ఒడ్డున మిగిలింది. ఇక్కడ ఇద్దరూ ఒడ్డునే.

ఓటు లేకపోతే రాజకీయం లేదనుకోకూడదు. 1940లో మందస జమీలో అడవి హక్కుల కోసం రైతులు కదిలారు. అరెస్టయినవాళ్లని తీసుకుపోనివ్వకుండా ఎదురు నిలిచిన శాసుమాన గున్నమ్మ పోలీసు కాల్పుల్లో చనిపోయింది. అప్పటికి గర్భవతి. వీర గున్నమ్మ అని తలుచుకుంటాం గానీ, ఓటుహక్కు చరిత్ర రాసేటప్పుడు ఆమెని పక్కన పెట్టేస్తాం. అది రైతు ఉద్యమం కిందికి వస్తుందట!

1952లో ఆస్తి, చదువు, మొగుడు అనే మూడు షరతులూ ఒక్కసారే పోయాయి. సొంత పేరు చెప్పక ‘ఫలానావారి భార్య’గానే మిగిలినందుకు దేశంలో సుమారు 28 లక్షలమంది స్త్రీలు ఆ జాబితాల్లోంచి తొలగిపోయారు. ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు. మన వైపు పైడమ్మలూ అప్పలమ్మలూ సొంత పేర్లతోనే జాబితాకెక్కారు, ఆ పేర్ల మీద సెంటు భూమి లేకపోయినా.