కోర్టు పద్ధతులను ఎవరి ముందు రాయాలి?

దావాకు ఎన్నాళ్లలో జవాబు దాఖలు చేయాలి, ఎదుటి పక్షం దగ్గరున్న కాగితాల్లో వేటిని తెప్పించుకోవచ్చు, సాక్షిని ముందుగా ఎంతసేపు ప్రశ్నించవచ్చు వంటి సంగతులు న్యాయవాదుల ఇంటి వ్యవహారాలని సాధారణంగా అనుకుంటాం. కానీ బలమైన వ్యాజ్యాలు ఎన్నో ఇలాంటి చోట్లనే ఓడిపోతుంటాయి. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఈ నియమాలకు రూపమిచ్చేది ఎన్నికైన సభ్యులు కాదు. జడ్జీలు, న్యాయవాదులు, న్యాయశాస్త్ర ఆచార్యులు కూర్చునే సలహా సంఘాలు. ఆ సంఘాల సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చని 1988 నుంచి అక్కడ చట్టమే చెబుతోంది. ఈ తలుపు జడ్జీల ఉదారత వల్ల తెరుచుకోలేదు, జనం వచ్చి తట్టడం వల్ల కూడా కాదు. పద్ధతి పేరుతో రాసిన నియమంలో ఎవరిదో ఒక హక్కు ఇరుక్కుని ఉందని బయటపడిన ప్రతిసారీ అది కొంత కదిలింది. శాసనసభ చేయాల్సిన పనిని కోర్టులు తమ చేతుల్లో ఉంచుకోవాలంటే శాసనసభలాగే బహిరంగంగా చేయాలన్న షరతు అలా క్రమంగా బిగిసింది.

మొదట్లో ఆ షరతు ఊసే లేదు. 1872 నాటి చట్టం ప్రకారం ఫెడరల్ కోర్టు ఏ రాష్ట్రంలో కూర్చుంటే ఆ రాష్ట్రపు పద్ధతినే చాలామటుకు అనుసరించాలి. సరిహద్దు దాటితే పద్ధతి మారిపోయేది. 1906లో న్యాయశాస్త్రవేత్త రోస్కో పౌండ్ న్యాయపాలనపై జనంలో ఉన్న అసంతృప్తికి కారణాలను విశ్లేషిస్తూ చేసిన ప్రసంగం సంస్కరణవాదులకు ఊపిరి పోసింది. అమెరికన్ బార్ అసోసియేషన్ ఏకరూప నియమాల కోసం రెండు దశాబ్దాలకు పైగా పోరాడింది. సెనేటర్ థామస్ వాల్ష్ అన్నేళ్లూ అడ్డం నిలిచాడు. ఆయన 1933లో మరణించాక అటార్నీ జనరల్ హోమర్ కమింగ్స్ చొరవతో 1934లో చట్టం వచ్చింది. నియమాలు రాసే అధికారం సుప్రీంకోర్టుకు దక్కింది, కానీ అవి ఎవరి మూల హక్కునూ తగ్గించకూడదు, పెంచకూడదు, మార్చకూడదు. తర్వాతి గొడవలన్నిటికీ విత్తనం ఈ ఒక్క నిబంధనలోనే ఉంది. 1935లో 14 మంది సభ్యులతో ఏర్పడిన సంఘానికి మాజీ అటార్నీ జనరల్ విలియం మిచెల్ అధ్యక్షుడు. ముసాయిదా భారం మోసింది యేల్ న్యాయ కళాశాల డీన్ చార్లెస్ క్లార్క్. వారు ముసాయిదాలు అచ్చు వేయించి దేశంలోని న్యాయవాదులకు పంపి అభిప్రాయాలు తెప్పించుకున్నారు. ఆ కాలానికి అది చిన్న విషయమేమీ కాదు. అయితే పంచినది ముసాయిదానే, చర్చను కాదు. అడిగినది న్యాయవాదులనే, కక్షిదారులను కాదు. ఇది నిపుణుల సాంకేతిక పని అన్న నమ్మకంలోనే 1938 సెప్టెంబర్ 16న సివిల్ నియమాలు అమల్లోకి వచ్చాయి.

ఆ నమ్మకం మూడు దశాబ్దాలకు పైగా నిలిచింది. 1956లో సుప్రీంకోర్టు పాత సంఘానికి సెలవిచ్చింది. 1958లో అమెరికా కాంగ్రెస్ ఈ పనిని ఫెడరల్ జడ్జీల విధాన సంస్థ అయిన జ్యుడీషియల్ కాన్ఫరెన్స్‌కు అప్పగించగా, 1960 నాటికి ఒక స్థాయీ సంఘం, దాని కింద సలహా సంఘాలు ఏర్పడ్డాయి. సంస్థ పెద్దదైంది, పనితీరు మాత్రం మారలేదు. దాన్ని కుదిపింది సాక్ష్య నియమాల వివాదం. 1972 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్ష్య నియమాల్లో ఒక అధ్యాయం కోర్టులో బయటపెట్టనక్కర్లేని రహస్యాల గురించినది. భార్యాభర్తల మధ్య మాటలకు, వైద్యుడికి రోగి చెప్పుకున్న విషయాలకు అందులో రక్షణ కుంచించుకుపోయింది. ప్రభుత్వ రహస్యాలకు మాత్రం విశాలమైన చోటు దొరికింది. వాటర్‌గేట్ వ్యవహారం దేశాన్ని ఊపేస్తున్న రోజుల్లో అది ఎవరి చెవికీ సాంకేతిక విషయంలా వినపడలేదు. జస్టిస్ డగ్లస్ కోర్టులోనే విభేదించాడు. 1973 మార్చిలో కాంగ్రెస్ నియమాలను నిలిపివేసి, రహస్యాల అధ్యాయంలోని 13 నియమాలను తీసేసి వాటి చోట ఒక్కటే ఉంచి, 1975 జనవరిలో తానే చట్టంగా తెచ్చింది. ఏళ్ల తరబడి చేసిన నిపుణుల పని చేతిలోంచి జారిపోవడం చూశాక, రహస్యంగా రాసిన నియమానికి బయట రక్షణ ఉండదన్న సంగతి కోర్టులకు అర్థమై ఉండాల్సింది. కానీ పాఠం తలకెక్కడానికి ఇంకో పదేళ్లకు పైగా పట్టింది.

ఈలోగా ప్రభుత్వంలోని మిగతా గదులు తెరుచుకుంటున్నాయి. 1972లో సలహా సంఘాల చట్టం, 1976లో ప్రభుత్వ బోర్డుల సమావేశాలు బహిరంగంగా జరగాలన్న చట్టం వచ్చాయి. రెండూ కార్యనిర్వాహక శాఖకే పరిమితం. న్యాయవ్యవస్థ వాటికి బయటే ఉండిపోయింది. 1977లో బ్రూక్లిన్ ఫెడరల్ జడ్జి జాక్ వైన్‌స్టైన్ నియమాల రచనలో సంస్కరణలు కావాలంటూ పుస్తకమే రాశాడు. విమర్శ లోపలి నుంచి రావడంతో దాన్ని తోసిపుచ్చడం కష్టమైంది. 1983లో రెండు సంగతులు జరిగాయి. ఆధారం లేని వాదన దాఖలు చేస్తే జరిమానా తప్పనిసరి చేస్తూ 11వ నియమం మారింది. ఆ దెబ్బ పౌరహక్కుల దావాలపై ఎక్కువగా పడుతోందని విమర్శ వచ్చింది. అదే ఏడాది, రాజీ మొత్తాన్ని కాదన్న కక్షిదారుపై ఖర్చులు మోపేలా 68వ నియమాన్ని మార్చే ప్రతిపాదన వెలువడి, పౌరహక్కుల వర్గాల నుంచి గట్టి ప్రతిఘటన ఎదురై, చివరికి వీగిపోయింది. రాబర్ట్ కాస్టన్‌మియర్ వంటి కాంగ్రెస్ సభ్యులు విచారణలు జరిపారు. ఫలితంగా 1988 చట్టం వచ్చింది. ప్రతి సంఘ సమావేశం బహిరంగం. ముందుగా నోటీసు ఇవ్వాలి. మినిట్స్ అందరికీ అందుబాటులో ఉండాలి. తలుపు మూయాలంటే మెజారిటీ సభ్యులు హాజరై, బహిరంగంగానే నిర్ణయించి, కారణం చెప్పాలి. నియమంతో పాటు వివరణ, భిన్నాభిప్రాయాలతో సహా నివేదిక జతపరచాలి. ఈ చివరి నిబంధనకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. హాలులో కూర్చున్నవాడు ఆ రోజు మాటలే వింటాడు. జతపరిచిన కారణాన్ని ఇరవై ఏళ్ల తర్వాత కక్షిదారు కూడా ఎత్తి చూపగలడు.

ఈ బహిరంగతపై మొదటి అభ్యంతరం జడ్జీలదే. నలుగురి ముందు మనసు విప్పి మాట్లాడలేం, తప్పు ఒప్పుకోలేం, అసలు చర్చ సబ్‌కమిటీల్లోకి, ఫోన్లలోకి పారిపోతుంది అంటారు. రెండో సగంలో నిజం ఉంది. చట్టం చెప్పిన సంఘం పూర్తి సంఘమే. సబ్‌కమిటీ సంభాషణలకు ప్రేక్షకులు ఉండరు. కానీ మొదటి సగం తీర్పు రాసే గది మర్యాదను నియమం రాసే గదికి అంటగడుతోంది. తీర్పుకు ముందు జడ్జీల సంప్రదింపు గుప్తంగా ఉండటానికి కారణం ఉంది: అక్కడ ఇద్దరు కక్షిదారులు ఇప్పటికే తమ మాట బహిరంగంగా చెప్పుకున్నారు, వచ్చే తీర్పులో కారణాలు ఉంటాయి. నియమానికి కక్షిదారులే లేరు. అది కట్టిపడేసేది రేపు కోర్టు మెట్లెక్కబోయే వారందరినీ, వారికి ఈరోజు మాట చెప్పుకునే వేదిక ఇదొక్కటే. పైగా ఇప్పుడు సబ్‌కమిటీల ఫోన్ చర్చల సారాంశాలు కూడా ఎజెండా పుస్తకాల్లో అచ్చవుతున్నాయి. చర్చ పారిపోయినా దాని జాడను బయటపెట్టాల్సి వస్తోందన్నమాట.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. తలుపు తెరిస్తే లోపలికి వచ్చేది సామాన్యుడు కాదు. పెద్ద కంపెనీల న్యాయవాదులు, వాది తరఫు న్యాయవాదుల సంఘాలు. అదీగాక ఆరు నెలల అభిప్రాయ సేకరణ, సంఘం మీద సంఘం, సుప్రీంకోర్టు, కాంగ్రెస్ అన్నీ దాటేసరికి చిన్న సవరణకు కూడా మూడేళ్లు పడుతుంది. ఇదంతా నిజమే. అయితే వర్గ ప్రయోజనాలు రహస్య గదుల్లో లేవనుకోవడం అమాయకత్వం. అక్కడ వాటికి పేరు ఉండదు, అంతే. 1993లో అడగకుండానే ఎదుటి పక్షానికి కీలక సమాచారం ఇచ్చేయాలన్న నియమాన్ని న్యాయవాదులు విస్తృతంగా వ్యతిరేకించారు, జస్టిస్ స్కాలియా విభేదించాడు, ప్రతినిధుల సభ అడ్డుకునే బిల్లు ఆమోదించింది. సెనేట్ కదలకపోవడంతో నియమం నిలిచింది. అంటే అరిచినవాడి మాటే చెల్లుతుందనడం సరికాదు. 2000లో ఆ నియమాన్ని తగ్గించారు. ఇచ్చేవాడు తన వాదనకు వాడుకోబోయే సమాచారమే ఇస్తే చాలు. 2013లో సాక్షుల ముందస్తు వాంగ్మూలాల పరిమితిని 10 నుంచి 5కు, ప్రశ్నావళిని 25 ప్రశ్నల నుంచి 15కు తగ్గించాలన్న ప్రతిపాదన వచ్చింది. వాషింగ్టన్, ఫీనిక్స్, డాలస్‌లలో విచారణలు జరిగాయి, 2,300కు పైగా అభిప్రాయాలు వచ్చాయి. ఆ కోతలను సంఘం విరమించుకుంది. వ్యాజ్యం అవసరాలకు తగ్గట్టే సమాచారం రాబట్టాలన్న నిబంధన మాత్రం 2015 డిసెంబర్ 1 నుంచి అమలైంది. గట్టి వర్గానికి ఒకటి దక్కింది, ఇంకొకటి దక్కలేదు. ఏది ఎందుకో చదివి తెలుసుకోవచ్చు. మూసిన గదిలో అయితే ఫలితం ఇదే వచ్చినా కారణం దొరికేది కాదు.

ఇంగ్లండ్ మరో దారి పట్టింది. అక్కడ 1997 చట్టం కింద ఏర్పడిన సివిల్ నియమాల సంఘం ఏడాదికోసారి బహిరంగ సమావేశం జరుపుతుంది. కానీ సలహా కేంద్రాల్లో, వినియోగదారుల వ్యవహారాల్లో అనుభవం ఉన్నవారికి సంఘంలోనే కుర్చీ వేసింది. ప్రేక్షకుడిగా కూర్చోబెట్టడం కన్నా సభ్యుడిగా కూర్చోబెట్టడం మేలేమో అనిపిస్తుంది. రెండూ చేయకూడదని మాత్రం ఎక్కడా లేదు. మన 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఈ రెండిటికీ దూరంగా ఉంది. 122వ సెక్షన్ ప్రకారం హైకోర్టు నియమాలు చేసే ముందు వాటిని ప్రచురించాలి. 123వ సెక్షన్ కింద ఏర్పడే రూల్ కమిటీలో ముగ్గురు హైకోర్టు జడ్జీలు, ఇద్దరు న్యాయవాదులు, ఒక కింది సివిల్ కోర్టు జడ్జి ఉంటారు. కక్షిదారు తరఫు మనిషి లేడు, సమావేశం బహిరంగంగా జరగాలన్న మాటా లేదు. 1999 సవరణలపై దేశమంతటా న్యాయవాదులు ఆందోళనకు దిగినప్పుడు, సుప్రీంకోర్టు ఆ సవరణలను సవాలు చేసిన సేలం బార్ అసోసియేషన్ కేసులో జస్టిస్ ఎం. జగన్నాథరావు నేతృత్వంలో కమిటీ వేసి, మధ్యవర్తిత్వానికి, కేసుల నిర్వహణకు నమూనా నియమాలు రాయించాల్సి వచ్చింది. గొడవ ముందు, సంప్రదింపు తర్వాత. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల్లో ఈ వరుస మారడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. రూల్ కమిటీ ప్రతి ప్రతిపాదనపైనా హైకోర్టుకు నివేదిక ఇవ్వాలని 124వ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. ముసాయిదాతో పాటు ఆ నివేదికనూ బయటపెట్టడాన్ని కోడ్‌లో ఏ సెక్షనూ నిషేధించడం లేదు.